పెట్టలేని శోకాలు

అకెయో అక్కకు,

ప్రభువు కృపవల్ల అక్కడ అందరూ కులాసా అని తలుస్తాను.

నీ మరిది ఓడెరాను మట్టి చేసి పదకొండు రోజులైంది. శవం ఇంటికి వచ్చినప్పుడు భార్య శోకాలు పెడుతూ వాకిలి దాకా పరుగెత్తాలి కదా. నేను నడిచి వెళ్ళాను. ఆడబిడ్డ అబుయా అందరి ముందూ, "చూడండమ్మా, మా వదిన సంతకెళ్తోంది! బుట్ట మర్చిపోయినట్టున్నావు వదినా!" అంది. ఏడవని పెళ్ళాం మొగుణ్ణి ఏం చేసిందో శనివారం పెద్దలు అడుగుతారట. నా జవాబు నచ్చకపోతే ఈ ఇంట్లో ఉండనివ్వరు.

నేను దాచింది ఏమీ లేదక్కా. ఆ రోజు నుంచి నా ఒంట్లో నేను లేను. గుండె మీద చెయ్యి పెడితే దడదడ కొట్టుకుంటోంది. కాని అది పక్కింట్లో ఎవరో తలుపు బాదుతున్నట్టు ఉంటుంది. నిన్న ఉగాలి సంకటి కలుపుతుంటే చెయ్యి కాలింది. బొబ్బ చూశాకే తెలిసింది. ప్రార్థనలో కళ్ళు తడిస్తే, పరాయివాళ్ళవి తుడిచినట్టు తుడుచుకుంటాను.

శుక్రవారం కిసుము బస్సుకి రా. నా తరఫున వాదించవద్దు, నన్ను పట్టుకుని గట్టిగా ఏడువు, చాలు. ముప్పై ఏళ్ళు నాతో కాపురం చేసినవాడు పోయాడు. ఆ సంగతి నా ఒంటికి తెలుసు. నాకే ఇంకా తెలియలేదు.

నీ చెల్లెలు