తాబేలుతో పంపిన కబురు

భావనపాడు
22-2-2003

నాన్నా, ఇక్కడ అందరం బాగున్నాం. వేరావల్‌లో నీకు జ్వరం తగ్గిందో లేదో వెంటనే రాయి.

ఈ నెల వాతావరణానికి మతి లేదు. పొద్దున మంచు, మధ్యాహ్నం మాడ్చే ఎండ, నిన్న సాయంత్రం చెప్పాపెట్టకుండా వాన. ఇసుకలో ఎండేసిన చేపలు సగం తడిశాయి. ఈ ఉదయం నానమ్మా నేనూ ఒడ్డుకు వెళ్తే, గుడ్లు పెట్టి అలసిపోయిన పెద్ద తాబేలు మంచులో మెల్లగా సముద్రంవైపు పాకుతోంది. నానమ్మ నన్ను ఇంటికి పరుగెత్తించి పసుపు కుంకుమ తెప్పించింది. వలలో పడ్డ తాబేలుకు వదిలేముందు మీరంతా పెట్టినట్టే దాని వీపున బొట్టు పెట్టి, "తల్లీ, మా సన్నాసి యేరావల్లో ఉన్నాడు. అగుపిత్తే బేగి ఇంటికి రమ్మని సెప్పు" అని దండం పెట్టింది. గుజరాత్ సముద్రం దేశానికి అవతలి వైపుందని నేను చెప్పలేదు.

చేపల మీద కప్పే పట్టా ఎక్కడ పెట్టావు? అమ్మ అటకంతా వెతికింది. తడి బట్టలతో పడుకోకు.

నానమ్మ దీవెనలు తాబేలుతోనే పంపేసింది. నీ వలలో ఏదైనా పడితే వదిలేముందు వీపు చూడు. బొట్టు ఈపాటికి ఉప్పునీటికి కరిగిపోయుంటుంది. అయినా కబురు అందిందనుకుని వచ్చేయి.

నీ కూతురు
కుమారి