గేటుకున్న డాక్టరు బోర్డు

బిడ్డా హిమజా,

పప్పు పొయ్యి మీదుంది, వేడి చేసుకొని తిను. ఫోన్ ఎత్తకు. నీకు సెలవు కావాలని మీ దవాఖానాకు పోయి నేనే చెప్పొస్త.

గేటుకున్న డాక్టరు బోర్డు ఊడదీసి అటక మీద పెట్టిన. మురిసిపోయి పెట్టించింది నేనే. నాచారంల ఎవరు రిపోర్టు పట్టుకొచ్చినా, డ్యూటీ చేసొచ్చి పండుకున్న నిన్ను లేపింది నేనే. నిన్న నువ్వు “నాన్నా, నిద్ర గోలీలు లేకుంటే ఉండలేకపోతున్న” అని ఏడిస్తే, “డాక్టరువై ఉండి గిట్లంటవేంది” అన్న. నువ్వు కండ్లు తుడుసుకొని తలుపేసుకున్నవ్.

సాయంత్రం ఉప్పల్ల మానసిక డాక్టరు దగ్గరికి పోదాం. తోడు నేనొస్త.

– నాన్న

మరిచిన: అపాయింట్‌మెంటుకు పేరడిగితే, పేరు ముందట డాక్టరని చెప్పలే. హిమజ, మా బిడ్డ అని చెప్పిన.