జూలీ అన్నంలో గోంగూర

మామయ్యగారూ,

జూలీకి గుమ్మడికాయ అన్నం స్టీలు గిన్నెలో ఉంది. అదే పెట్టండి. ఒళ్లు గోక్కున్నచోట లోషన్ రాసి, నాకనివ్వకండి.

దాని అలర్జీకి కారం, పులుపు, కోడికూర పడవని డాక్టరు చెప్పింది మీరూ విన్నారు. అయినా నిన్న మళ్లీ వరండా అంతా విరేచనాలే. మూతికి గోంగూర పచ్చడి ఎవరు పూశారే అని అడిగితే అది మీవంక చూసింది. కారం లేకుండా ముద్దెలా దిగుతుందని మీ జాలి. గుంటూరులో పుట్టినా అది కుక్కేనండి.

కారం డబ్బా, పచ్చడి జాడీ వెతక్కండి. రెండూ నాతోపాటు చిలకలూరిపేట మిల్లుకి డ్యూటీకొస్తున్నాయి.

రాజేశ్వరి

మీ క్యారేజీలోనూ గుమ్మడికాయ అన్నమే పెట్టాను. ఇవాళ జాలిపడే వంతు జూలీది.