ఎన్నోసారికి శుభ్రం?

కృష్ణాబాయీ,

మధ్యాహ్నం కునుకులో ఉన్నావని లేపలేదు. పాలు కాచి మూత పెట్టాను. ఊరగాయ జాడీలు ఇకమీదట నువ్వే తియ్యి. మడి కట్టుకోకపోయినా బూజు పట్టదులే. దండెం మీది నా మడిచీర మడిచి పెట్టెలో పెట్టు.

మా తమ్ముడు రంగనాథతో బెంగళూరు పోతున్నాను. పిచ్చాసుపత్రికే. నన్నెవరూ పట్టుకుపోవడం లేదు, చేరతానని సంతకం నేనే పెట్టాలట. మీ ఆయనకు నిన్ననే చెప్పాను. వద్దనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే. ఎవరైనా అడిగితే మంత్రాలయం సేవకు పోయిందని మాత్రం చెప్పకు. దగ్గరే కదా, చూడటానికి వచ్చేస్తారు. పిచ్చాసుపత్రి అని చెప్పు, ఒక్కరూ రారు.

నేను బిందె ఇరవై ఒక్కసార్లు తోముతుంటే ఆదోనిలో మన వీధంతా "ఏం మడి, ఏం నిష్ఠ!" అని నా కాళ్లకు మొక్కింది. చేతులు పగిలి నెత్తురు కారినప్పుడు ఇంకా వంగి మొక్కింది. బళ్లారి డాక్టరొక్కడే "ఎన్నోసారికి శుభ్రమైతాదమ్మా?" అని అడిగాడు. మన బావి ఎండింది వాన లేక కాదు.

రెండేళ్లుగా నిన్ను వంటింటి గడప బయటే నిలబెట్టాను. నువ్వూ ఒక్కసారి గట్టిగా అరిచి ఉండాల్సింది.

మీ అత్త,
అంబాబాయి

మరిచాను. నీ పక్కన నిద్రపోతున్న మనవరాలి బుగ్గ ముట్టుకున్నాను. అది పుట్టాక ఇదే మొదటిసారి. చెయ్యి ఇంకా కడుక్కోలేదు. గుంతకల్లులో రైలు మారేదాకా ఇలాగే ఉండగలనేమో చూస్తాను.