నీటికుక్కలకు స్వాగతం

బావమరిదికి,

ఇక్కడ మేం కులాసా. నీ మైకు మోగినంత కాలం నీ క్షేమం ఎవరూ అడగక్కర్లేదు.

విషయం ఏమిటంటే, వచ్చే నెల నేనూ మీ అక్కా మీ వైపు వస్తున్నాం. మీ ఊరి వెనక అడవి, అడవి దిగితే చిత్తడి నేల, అందులో నీటికుక్కలు ఉన్నాయని మా లైబ్రరీకి వచ్చే పెద్దమనిషి ఒకాయన చెప్పాడు. నీటికుక్క బొమ్మ ఉన్న పుస్తకాలకు నేనే అట్టలు వేశాను, నేనే దుమ్ము దులిపాను. ప్రాణంతో ఉన్నదాన్ని ఒక్కసారీ చూడలేదు. పిల్లి కంటే పెద్దది, చేపలు తింటుంది, ఈల వేస్తుంది, మనిషి అలికిడి తగిలితే నీళ్లలో మునిగి మాయమవుతుంది. లైబ్రేరియన్‌గా రిటైరయ్యేలోపు ఒక్కదాన్నయినా చూడాలని నా కోరిక.

గైడు వద్దు, గుంపు వద్దు. మా అంతట మేమే నడుస్తాం, మా అంతట మేమే చూసుకుంటాం. నువ్వు రెండు సంగతులు రాస్తే చాలు. చిత్తడి గట్టు మీద కాసేపు కూర్చోవడానికి చోటుందా? దాక్కోవడానికి చిన్న డేరా దొరుకుతుందా?

ఇట్లు,
నీ బావ

తా.క.: మీ అక్క పట్టుబట్టి బైనాక్యులర్స్ కొనిపించింది. ప్రస్తుతానికి వాటితో ఎదురింటి వంటగదిని పరిశీలిస్తోంది.

---

బావగారి దివ్యసముఖానికి,

ఉత్తరం చూసి మీ చెల్లెమ్మా నేనూ ఎగిరి గంతేశాం. అక్క మా గుమ్మం తొక్కి ఎన్నేళ్లయింది! అయినా, "కూర్చోవడానికి చోటుందా" అని టెంట్‌హౌసూ మైకుసెట్టూ నడిపేవాణ్ణి అడగొచ్చా బావగారూ? రెండొందల కుర్చీలున్నాయి. చిన్న డేరా ఖర్మ మీకెందుకు? పెళ్లి డేరా ఉంది. ఎరుపూ పసుపూ చారలు, అంచులకు జరీ. ఆమడ దూరం నుంచి కనబడుతుంది. నీటికుక్కలకు కూడా వెతుక్కునే బాధ ఉండదు.

వచ్చేవాళ్లెంతమందో మీరు రాయలేదు. మీరిద్దరు, మేమిద్దరం, మరి నీటికుక్కలెన్ని? అది తెలిస్తే ఆ పక్క ఏర్పాట్లు చూస్తాను. గట్టు మీద తుంగ మనిషెత్తు పెరిగింది. మీకు అడ్డొస్తుందని కోత మొదలుపెట్టించాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: అడవిలో మీరు దారి తప్పకుండా చెట్లకు బాణం గుర్తులతో "స్వాగతం" కాగితాలు కట్టించాను. సగం కోతులు పట్టుకుపోయాయి. ఇక వాటికీ దారి తెలిసినట్టే.

---

ఒరే నాయనా,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు ఆ కొడవళ్లు కింద పెట్టించు. తుంగే వాటి ఇల్లు. ఇల్లు పడగొట్టి చుట్టాన్ని పలకరించడానికి వెళ్లేవాళ్లుంటారా?

కుర్చీలు వద్దు. జరీ వద్దు. దీపాల సంగతి నువ్వింకా రాయలేదు కానీ, అవీ వద్దు. మేం వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు. ముదురాకుపచ్చ బట్టలు వేసుకుని, నోరు మెదపకుండా, దాక్కుని కూర్చుంటాం. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

ఇట్లు,
నీ బావ

తా.క.: మా లైబ్రరీలో పాతబడిన "నిశ్శబ్దం పాటించండి" బోర్డు పార్సెల్లో పంపుతున్నాను. ముప్పై ఏళ్లు నా తల మీద వేలాడింది. దుకాణంలో నీకు ఎదురుగా పెట్టుకో.

---

బావగారికి,

మీ ఉత్తరం చదివి కంగారు పడ్డాను. ఎవరికీ తెలియకూడదంటారు, దాక్కోవాలంటారు, నోరు మెదపనంటారు. రిటైరయ్యే ముందు ఏమన్నా నింద వచ్చి పడిందా? లైబ్రరీలో పుస్తకాలు గానీ పోయాయా? నా దగ్గర దాపరికం వద్దు. గొడౌను ఖాళీ చేయించాను. ఎన్నాళ్లయినా ఉండండి. అక్కకు తెలియకపోతే నేనైతే చెప్పను.

మీ పరువు మాత్రం పోనివ్వను. తుంగ కోత ఆపించి, నీటి అంచున చెక్క వేదిక వేయించాను. గట్టు వైపు నుంచి ఎవరికీ కనపడకుండా తెర కట్టించాను. వేదిక మీద ఎర్ర తివాచీ, మైకు. మా వీధి మొగలో స్పీకరు. మీరు తెరచాటునే ఉండి నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, నీలాపనిందలన్నీ కొట్టుకుపోతాయి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: మీ బోర్డు చుట్టూ రంగు బల్బులు పెట్టాను. వీధంతా వచ్చి గట్టిగా చదివి వెళుతోంది.

---

బావమరిదికి,

నీ ఉత్తరం నాకంటే ముందు మీ అక్క చదివింది. పుస్తకాలు లెక్కపెడతానని లైబ్రరీ తాళాలు పట్టుకుని బయల్దేరింది. ఆపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మేం రావడం లేదు. టికెట్లు రద్దు చేశాను. నా మీద ఏ నిందా లేదురా. చిన్నప్పటి నుంచి ఒక ఆశ ఉండేది, అంతే. ఆ హడావుడికి అక్కడ కప్ప కూడా మిగిలి ఉండదు. నీ మీద కోపం లేదు కానీ ఏడుపొస్తోంది. ఆ సామానంతా తీసెయ్.

ఇట్లు,
బావ

తా.క.: కుట్టించినందుకు ఆకుపచ్చ చొక్కా లైబ్రరీకే వేసుకెళుతున్నాను. బీరువాల రంగూ అదే. వచ్చినవాళ్లు నా ముందే నిలబడి, నేనెక్కడున్నానని అడుగుతున్నారు.

---

బావగారికి,

ఈ ఉత్తరం మెల్లగా చదవండి. నేనూ మెల్లగానే రాస్తున్నాను.

మీరు రారని తెలిసి అలిగాను. సామాను తీయడానికి కూడా గట్టు వైపు పోలేదు. మైకు ఆపడమే మరిచిపోయాను. మొన్న పొద్దున స్పీకర్లోంచి ఒకటే ఈలలు! "మా ఆవిడ వెళుతుంటే ఈల వేస్తావా" అని పక్క దుకాణం మంగలి నా మీదికొచ్చాడు. నా మైకులో ఈల వేసే మొనగాడెవడో తేల్చుకుందామని దుడ్డుకర్ర పట్టుకుని పరుగెత్తాను. తెర కొద్దిగా తొలగించి చూశాను. చూసి, కర్ర మెల్లగా కింద పెట్టాను.

ఎర్ర తివాచీ మీద తల్లి నీటికుక్క కూర్చుని చేప కొరుకుతోంది. వేదిక చెక్కల కింద నుంచి బుల్లి మూతులు తొంగిచూస్తున్నాయి. ఒక పిల్ల మైకు వైరు పట్టుకు లాగుతూ ఈల వేస్తోంది.

ఎన్ని వేదికలు కట్టాను బావగారూ! ఏ ముఖ్య అతిథీ ఇంత హాయిగా కూర్చోలేదు. ఎంతసేపు చూశానో తెలియదు. మీరెందుకంత ఆశపడ్డారో అప్పటిగ్గానీ నాకు బుర్రకెక్కలేదు. తప్పు నాది. స్పీకరు తీసేశాను. ఎవరికీ చెప్పలేదు. రండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: గుట్టు బయటపడకూడదని, ఆ ఈల నేనే వేశానని మంగలి దగ్గర ఒప్పుకున్నాను. మీ చెల్లెమ్మ నాతో మాట్లాడటం లేదు. ఇల్లు కూడా మీరు కోరినంత నిశ్శబ్దంగా ఉంది.

---

బంగారు బావమరిదికి,

వస్తున్నాం! చప్పుడు కాని చెప్పులు కొన్నాను. తుమ్ము ఎలా మింగాలో మీ అక్కకు నేర్పిస్తున్నాను. నా భయమంతా నీ గురించే. సంతోషం వస్తే నువ్వు ఆగలేవు. ఆ రోజు మాత్రం నోట్లో రుమాలు కుక్కుకో.

ఇట్లు,
నీ బావ

తా.క.: చెల్లెమ్మకు ఈల సంగతి నేనొచ్చి చెబుతాను. అంతవరకూ తన్నులు తప్పించుకో.

---

బావగారికి,

ఇల్లు చేరి ఉత్తరం ముక్క రాయలేదేం? సిగ్గుపడుతున్నారని అక్క రాసింది. జరిగింది మీకు గుర్తుందో లేదో, నేనే చెబుతాను.

నేను రుమాలు నోట్లో కుక్కుకునే కూర్చున్నాను. అక్క తుమ్ము మింగింది. తెర సందులోంచి చూస్తుంటే, తల్లి నీటికుక్క పిల్లను మెడ దగ్గర కరిచిపట్టుకుని సరిగ్గా మీ ఎదురుగా వేదిక ఎక్కింది. అంతే! ముప్పై ఏళ్లుగా ఊరందరి నోళ్లూ మూయించిన మీరు లేచి నిలబడి, "అదిగో! అదిగోనే! వచ్చింది! చూశావా!" అని కేక పెట్టారు. నా మైకుసెట్టు జన్మలో అంత కేక వినలేదు. తల్లీ, పిల్లలూ, అవతలి ఒడ్డున కొంగలూ, ఒక్కటి మిగిలితే ఒట్టు. మీరు కళ్లజోడు తుడుచుకుంటూ నీళ్ల వైపు తిరిగి "క్షమించమ్మా" అన్నారు. అదీ గట్టిగానే.

మీరు వినలేదు కానీ, అక్క ఒక మాట అంది. "ఈయనకు ఇంత గొంతుందని నాకు ఇవాళే తెలిసిందిరా. బాగుంది" అంది.

నిన్న సాయంత్రం తల్లి తిరిగొచ్చింది. పిల్లలూ వచ్చాయి. అది తెలిస్తేగానీ మీకు ముద్ద దిగదని వెంటనే రాస్తున్నాను. మళ్లీ రండి బావగారూ, తప్పకుండా రండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: మీ "నిశ్శబ్దం" బోర్డుకున్న బల్బులు తీసేసి, బోర్డును దుకాణం నుంచి తెచ్చి గట్టు మీద కట్టాను. మీరు కూర్చునే చోటికి సరిగ్గా ఎదురుగా.