ప్రభ మేడమ్ రూటు

ఫిబ్రవరి 3, మంగళవారం

గాంట్రీ నిలబెట్టేశాం! కాలవ బ్రిడ్జి ముందు మలుపులో, స్టేట్ హైవేకి అడ్డంగా ఇనుప కమాను, దాని మీద పెద్ద బాణం బోర్డు. ఏడాదిగా దీని కోసం ఆఫీసులో అందరి ప్రాణాలూ తోడేశాను. మిరప కోతలప్పుడు కూలీల ఆటోలు కాలవలోకి పోయేది ఇక్కడే. మా ఆరోగ్యమ్మ పిన్ని రోజూ తెల్లారి పొగమంచులో ఖాదర్ వలి ఆటోలో ఇటే కోతకు పోతుంది. వాడికి బ్రేకంటే ఏంటో తెలియదు. అమ్మ పోయాక నన్ను చదివించింది పిన్నే. నాకు రోడ్ల శాఖలో ఏఈ ఉద్యోగం వచ్చింది, ఇంక మానెయ్యమంటే వినదు.

ఫిబ్రవరి 6

ఎర్రగుంటపాలెం పున్నారావు బాబాయి ఆఫీసుకొచ్చాడు. ఊరి ప్రభ కమిటీకి ఆయనే పెద్ద. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వాళ్ల ప్రభ ఎప్పుడూ కాలవ కట్ట మీదుగా పోయేది. ఈసారి హైవే మీద పోతుందట. రోడ్డు చానా బాగుచేశావు గదమ్మా జెస్సీ, ఇంక కట్ట మీద గతుకుల్లో ఎందుకు అన్నాడు. మెచ్చుకున్నాడో ఎసరు పెట్టాడో!

గాంట్రీ కిందుగా లారీ పోతుంది. ట్రాక్టర్ ట్రక్కు మీద రంగు గుడ్డలు చుట్టి నిలబెట్టిన వెదురు ప్రభ మాత్రం నాలుగంతస్తుల మేడంత ఉంటుంది. అది పోయి తిరిగొచ్చేదాకా కమాను తీయించాలట. కట్ట మీదే పొమ్మన్నాను. నిరుడు గతుకులో ప్రభ ఒరిగి ఇద్దరికి కాళ్లిరిగినయ్, ఈసారి సస్తే నువ్వొస్తావా అన్నాడు.

తీస్తే మళ్లీ పెట్టేదెవరు? నాలుగు రోజులకని తీసిన బోర్డు మళ్లీ లేవడం నా సర్వీసులో చూడలేదు.

ఫిబ్రవరి 9

గాంట్రీ డిజైన్ చేసిన కన్సల్టెంట్ కుర్రాడికి ఫోన్ చేశాను. చెన్నై. విప్పి మళ్లీ బిగించొచ్చా, ప్రభ వస్తోంది అన్నాను. హూ ఈజ్ ప్రభ అన్నాడు. ఆ మేడమ్‌ని వేరే రూట్‌లో రమ్మనమన్నాడు. చాలా పెద్దది బాబూ అన్నాను. సీనియర్ అయితే పొలైట్‌గా చెప్పండి అన్నాడు. ఫోన్ కాలవలోకి విసిరేద్దామనిపించింది. చివరికి ప్రభ ఫోటో పంపాను. ఇంక రూటు మాటెత్తకుండా రిప్లై ఇచ్చాడు. బోల్టులు విప్పొచ్చట.

ఫిబ్రవరి 11

పర్మిషన్ కోసం మా పై ఆఫీసరు ఈఈ గారిని కలిశాను. తీయమనలేదు, తీయొద్దనలేదు. లోకల్‌గా చూసుకోమ్మా అన్నారు. అంటే ఏం జరిగినా నా నెత్తి మీదకే.

ఫిబ్రవరి 12

కట్ట మీద మళ్లీ ఎవరి కాళ్లయినా విరిగితే అదీ నా నెత్తి మీదకే.

ఫిబ్రవరి 13

తీయించాను. విప్పిన చేతులే బిగించాలని పున్నారావు బాబాయికి గట్టిగా చెప్పాను. కొండమీది కోటయ్య మీద ఒట్టు అన్నాడు. నాకు ఒట్లొద్దు, క్రేన్ కావాలన్నాను. కమాను ఇప్పుడు కాలవ గట్టున పడి ఉంది.

కోత మానుకోమని పిన్నిని బతిమాలాను. కాయ పండి రాలిపోతంటే ఇంట్లో కూర్చోమంటావేందే అని కసిరింది.

ఫిబ్రవరి 14, పొద్దున్నే

పొగమంచులో టార్చి, ఎర్ర జెండా పట్టుకుని మలుపులో నేనే నిలబడ్డాను. ఖాదర్ వలి ఆటో దూసుకొచ్చి, నన్ను చూసి కీచుమని ఆగింది. ఏందే, ట్రాఫిక్ పోలీసువెప్పుడయ్యావని పిన్ని లోపల్నుంచి అరిచింది. ఆడవాళ్లంతా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 15, శివరాత్రి

ఆదివారం. చర్చికి పోలేదు. ప్రభ పోయింది. నేను వేయించిన రోడ్డు మీద ఒక్క కుదుపు లేదు. ఒప్పుకోబుద్ధి కావడం లేదు గానీ, ఎంత బాగుందో.

ఫిబ్రవరి 17

ప్రభ ఊరికి తిరిగొచ్చేసింది. క్రేన్ రాలేదు. పున్నారావు బాబాయి ఫోన్ స్విచాఫ్.

ఫిబ్రవరి 18

పొద్దున్నే గుంటూరులో రివ్యూ మీటింగ్ ఉంటే ఈ ఒక్కరోజు మలుపు దగ్గరికి పోలేదు. ఖాదర్ వలి ఆటో గట్టు రాయిని గుద్దింది. ముందు చక్రం కాలవ మీద గాల్లో ఆగిందట. మిగతావాళ్లకు దెబ్బల్లేవు. పిన్నికి భుజం విరిగింది.

ఆస్పత్రి నుంచి నేరుగా పున్నారావు ఇంటికి పోయాను. ఊరంతా చూస్తుండగా నోటికొచ్చినట్టు తిట్టాను. క్రేన్‌వాడు రేపు మాపు అని తిప్పుతున్నాడని ఆయన భార్య సరస్వతమ్మ ఏదో చెప్పబోయింది. ఆమెనూ వదల్లేదు. ఆయన మాత్రం పిన్నికి ఎట్టా ఉందని అడిగాడు. ఆయన మీద ఎంత కోపమో నా మీద నాకూ అంతే ఉంది.

ఫిబ్రవరి 20

కమాను లేచింది! క్రేన్ రాకుండానే. ప్రభను లేపే మోకులు కట్టి, చేదుకో కోటయ్యా అని తిరునాళ్లలోలా అరుచుకుంటూ ఊరి మగవాళ్లంతా లాగి నిలబెట్టారట. బోల్టులన్నీ రెంచితో చెక్ చేశాను. ఒక్కటీ వదులు లేదు.

కానీ స్తంభాలకు ప్రభ రంగు గుడ్డలు చుట్టారు. బాణానికి కుంకుమ పెట్టారు. కింద కొబ్బరి చిప్పలు. రూల్ ప్రకారం అవన్నీ రేపే పీకించాలి.

ఫిబ్రవరి 21

ప్రతి లారీ మలుపులో స్లో చేసి దణ్ణం పెట్టి పోతోంది. ఖాదర్ వలి బ్రేకేసి సలాం కొట్టాడు.

పీకించను.