కాక చేతికి దొరికిన బ్రేకు పైపు

శనివారం, రాత్రి

చేతుల గ్రీసు కడుక్కొని కూసున్న గానీ, యాకోబు కాక వేళ్లే కండ్ల ముందర మెదులుతున్నయి.

బురద దారిల కింద తాకుతున్నదని ఇయ్యాల నేను, మా ఆయన కలిసి మా పికప్పును ఎత్తు చేసినం. ముందర పెద్ద స్ప్రింగులు, వెనుక కొత్త కమాన్ పట్టీలు, నాలుగు పెద్ద టైర్లు. జాకీ దించకముందే ఇద్దరం మురిసిపోయినం.

అప్పుడే పక్క క్వార్టర్ల ఉండే కాక కట్టె పట్టుకొని వచ్చిండు. ముప్పై ఏండ్లు బొగ్గుగనిల మిషన్లు బాగుచేసిన మనిషి. ఇప్పుడు కండ్లు సరిగ్గ కనపడయి. నేల మీద కూసొని, వేలాడుతున్న ముందు చక్రం వెనుక చెయ్యి పెట్టిండు. వేళ్లు మెల్లగ పోయి ఒక్క కాడ ఆగినయి.

"బ్రేకు పైపు తీగ లెక్క గుంజుకపోయింది బిడ్డా. బండి ఎత్తయింది, పైపు పొడుగైందా? గుంతల పడితే తెగుతది."

రేపు పొద్దుగాల పత్తి ఏరే అక్కలను పది మందిని ఎక్కించుకొని జైపూర్ దిక్కు పోయేదాన్ని.

మా ఆయన ఉరికి మంచిర్యాల పోయి పొడుగు పైపులు తెచ్చిండు. కాక దగ్గరుండి బిగింపించి, పైపులల్ల గాలి తీయించి, తానే బ్రేకు తొక్కి చూసిండు.

"ఎట్ల తెలిసింది కాకా?" అని అడిగిన.

"గని లోపల దీపం ఆరినా చీకట్లనే పని చేస్తుంటిమి" అని నవ్విండు.

ఆయన పోయినంక నేనూ కండ్లు మూసుకొని అక్కడ చెయ్యి పెట్టి చూసిన. ఏది పైపో, ఏది వైరో నాకు తెలువనే లేదు.